రేడియో పాఠంలో పడుగూ పేకా

రిటైరైన టీచర్లం ఓ నలభై మందిమి ఫోన్లో ఒక గ్రూపుగా ఉన్నాం. పొద్దున ఆరు కొట్టకముందే ఎవరో ఒకరు అందులో ఒక పాఠం వీడియో పెడతారు. ఇరవై నిమిషాల వీడియో. పెట్టిన నిమిషం తిరక్కుండానే దాని కింద బొటనవేళ్లు, చప్పట్లు, దండాలు బారులు తీరతాయి. అద్భుతం అని ఒకరు, పిల్లలకు ఎంతో ఉపయోగకరం అని ఇంకొకరు. ఇరవై నిమిషాల పాఠాన్ని ఒక్క నిమిషంలో వినేసే మేధావులు మాలో ఇంతమంది ఉన్నారని నౌకరీ చేసినన్నాళ్లూ నాకు తెలియలేదు. నేను ఏమీ పెట్టను. పెట్టనందుకు ఒకావిడ ఫోన్ చేసి మరీ అడిగింది, "ఏం వదినా, పానం మంచిగలేదా?" అని.

పానం మంచిగానే ఉంది. కాకపోతే, వినని పాఠానికి ఉపయోగకరమని రాసే పని నేను ఒకప్పుడు సర్కారు జీతం తీసుకుని చేశాను. ఆ పనిలో ఎంత సుఖముందో, ఎంత సిగ్గులేనితనముందో నాకు బాగా తెలుసు.

నా మొదటి ఉద్యోగం కొత్తవాడలో. డెబ్బయ్యో దశకం ముగిసే రోజులు. మాది హనుమకొండలో కిరాణా దుకాణం నడిపే ఇల్లు. అప్పటిదాకా మా ఇంట్లో ఉద్యోగానికి పోయిన ఆడమనిషి లేదు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తారని విన్నాను గానీ మగ్గం దగ్గరికి పోయి చూసిన పాపాన పోలేదు. పెళ్లిళ్లలో పరిచే జంపఖానా దుకాణంలోనే పుడుతుందన్నంత తెలివితో పెరిగాను. టీచరు ట్రైనింగు సర్టిఫికెట్టు మాత్రం ఫస్టు క్లాసులో ఉంది.

బడి పాత పెంకుటిల్లు. నాలుగు గదులు, ఏడు తరగతులు. నల్లబల్లలు రెండు. అందులో ఒకటి అరిగి అరిగి నున్నబడింది, సుద్దముక్కతో రాస్తే గీత పడేది కాదు. నాకిచ్చిన ఏడో తరగతిలో నలభై రెండు మంది పిల్లలు, నూటికి తొంభై పాళ్లు నేతపని వాళ్ల పిల్లలే. తెల్లవారేసరికి వాళ్ల వీధి పొడుగునా కర్రలు పాతి నూలుపోగులు సాచి కట్టేవారు. పిల్లలు ఆ పోగుల కింది నుంచి వంగి, పుస్తకాల సంచీ తగలకుండా జాగ్రత్తగా బయటపడి బడికి వచ్చేవాళ్లు.

ఆ బడికి పై ఆఫీసు వాళ్లు ఒక రేడియో పంపారు. సుద్దముక్కల కోసం మేము అర్జీ పెట్టి అప్పటికి ఆరు నెలలు. అవి రాలేదు. అడగని రేడియో మాత్రం రిక్షా ఎక్కి వచ్చింది. దానితో పాటు తాళం వేసుకునే ఒక చెక్కపెట్టె, ఆ ఏడాది పాఠాలు అచ్చువేసిన ఒక చిన్న పుస్తకం, గళ్లు గీసిన ఒక రిజిస్టరు. హెడ్మాస్టరు గారు రేడియోకు కుంకుమ బొట్టు పెట్టి, అందరినీ పిలిచి మాట్లాడారు.

"ఇగ మనకు పంతుళ్ల కొరత లేదమ్మా. పట్నంల ఉండే పెద్ద పెద్దోళ్లు అచ్చి మన పిల్లగాండ్లకు పాఠం చెప్పినట్టే. మనం ఊకె కూసుండి ఇంటే సాలు."

ఊరికే కూర్చోవడంలో ఆయనకు ముందునుంచీ మంచి అనుభవం ఉంది. నన్ను రేడియో ఇన్‌ఛార్జిని చేశారు. బడిలో అందరికంటే చిన్నదాన్ని, పైగా అక్షరాలు గుండ్రంగా రాస్తాను. ఇన్‌ఛార్జికి ఇంతకంటే అర్హతలు అక్కర్లేదు.

వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం అన్నాల తరువాత పాఠం వచ్చేది. పాఠం చెప్పే ఆవిడ గొంతు తేనెలో ముంచి తీసినట్టుండేది. మా పిల్లలు ఆమెను రేడియో అక్క అనేవాళ్లు. "పిల్లలూ, అందరూ బాగున్నారా?" అని అడిగి కాసేపు ఆగేది. మా వాళ్లు పైకప్పు పెంకులు అదిరేలా బాగున్నామని అరిచేవాళ్లు. "చాలా సంతోషం" అనేది ఆమె. పాఠం మధ్యలో ప్రశ్నలుండేవి. ప్రశ్న అడిగి, జవాబు కోసం నాలుగు క్షణాలు ఆగి, "చాలా బాగా చెప్పారు" అని మెచ్చుకుని ముందుకు సాగేది. మొదటి రెండు వారాలు మా పిల్లలు ఆ మెప్పు కోసం ప్రాణం పెట్టారు. నేను ఏడాది పొడుగునా ఇచ్చినన్ని శభాష్‌లు ఆమె ఒక్క పూటలో ఇచ్చేది.

మూడో వారంలో ఒక అమ్మాయి ఆ గుట్టు కనిపెట్టింది. ముందు వరసలో కూర్చునే పొడుగుపాటి పిల్ల. పొద్దున్నే ఇంట్లో రంగు నూలు కండెలకు చుట్టి వచ్చేది, అందుకని ఆమె వేళ్లకు ఒక రోజు ఎరుపు, ఒక రోజు నీలం అంటుకుని ఉండేది. ఆ రోజు రేడియో అక్క, ఆకు పచ్చగా ఎందుకుంటుందని అడిగి ఆగింది. పిల్లలంతా జవాబు వెతుక్కుంటుంటే ఈ పిల్ల నిదానంగా, గట్టిగా, "బెండకాయ" అంది.

"చాలా బాగా చెప్పారు" అంది రేడియో.

తరగతి ఒక్క క్షణం బిత్తరపోయి, తరువాత విరగబడి నవ్వింది. నేను బెత్తం పట్టుకుని లేచాను. ఆ పిల్ల భయపడలేదు.

"టీచర్, ఆమెకు మనం చెప్పేది ఇనవడుతలేదు. ఏం చెప్పినా గదే అంటాంది" అంది.

ఇది నాకు తెలియనిది కాదు. ట్రైనింగులో ఇలాంటి పాఠం ఎలా తయారుచేస్తారో నేర్పారు కూడా. అయినా పిల్లలు తెలుసుకోకూడదని నా ఆశ. ఆ రోజు నుంచి రేడియో అక్క ఆగినప్పుడల్లా కూరగాయల పేర్లు, మేకల అరుపులు, ఒకసారి హెడ్మాస్టరు గారి దగ్గు వినిపించేవి. దేనికైనా ఆమె ఒకే తీరుగా మెచ్చుకునేది. వాళ్లు ఒకరినొకరు వెక్కిరించడానికి కూడా ఆ గొంతే వాడేవాళ్లు. ఎవరైనా ఎక్కం తప్పు చెబితే వెనక నుంచి, "చాలా బాగా చెప్పారు" అని తియ్యగా వినిపించేది.

ఇక రిజిస్టరు సంగతి. అందులో పాఠం పేరు, విన్న పిల్లల సంఖ్య, పిల్లల స్పందన, పాఠం వల్ల ఉపయోగం అని గళ్లుండేవి. మొదటిసారి స్పందన గడిలో, పిల్లలకు కొన్ని మాటలు అర్థం కాలేదని రాశాను. హెడ్మాస్టరు గారు చూసి, తప్పు చేసిన పిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పారు.

"గట్ల రాస్తే పైనోళ్లు మనల్నే అడుగుతరమ్మా, ఎందుకు అర్థంకాలేదని. ఉపయోగకరం అని రాసెయ్. మనకు ఫికర్ లేదు, వాళ్లకు ఫికర్ లేదు."

రాసేశాను. ఆ తరువాత ఆ గడి నింపడానికి పాఠం వినాల్సిన అవసరం కూడా లేకపోయింది. రేడియో సెల్లులతో నడిచేది. హెడ్మాస్టరు గారు దాన్ని తన గదిలో పెట్టుకుని పొద్దంతా క్రికెట్టు కామెంటరీ వినేవారు. ఆట ఐదు రోజులు సాగేది, సెల్లులు రెండు రోజులే సాగేవి. వాటిని ప్రహరీగోడ మీద ఎండలో పెట్టి, కాస్త వేడెక్కాక మళ్లీ వేసేవాళ్లం. కొన్ని రోజులు గరగర తప్ప మాట వచ్చేది కాదు. ఆయన బిడ్డ పెళ్లికి రేడియో ఇంటికి పోయి రెండు వారాలు రానేలేదు. ఆ రెండు వారాల్లో కూడా మా నలభై రెండు మంది పిల్లలు నాలుగు పాఠాలు ఆనందంగా విని, చాలా ఉపయోగం పొందారు. నా గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను.

చలికాలం వచ్చాక పుస్తకంలో 'మన చేతివృత్తులు' అనే పాఠం ఉందని చూశాను. నేతపని గురించి. పిల్లలకు ముందురోజే చెప్పాను. వాళ్ల ముఖాలు చూడాలి. వాళ్ల గురించి రేడియో మాట్లాడుతుంది. ఆ పూట ఎవరూ కూరగాయల పేర్లు ఎత్తలేదు, అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను నా సొంత సెల్లులు కొని తెచ్చాను.

రేడియో అక్క మొదలుపెట్టింది. నేతగాడు మగ్గం మీద ముందుగా నిలువు పోగులు కడతాడట. వాటిని పేక అంటారట. వాటి మధ్య అడ్డంగా నాడెతో పంపే పోగులు పడుగట.

గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకో నాకు తెలియలేదు. కండెలు చుట్టే పిల్ల లేచి నిలబడింది.

"ఉల్టా చెప్తాంది టీచర్. నిలువుది పడుగు. అడ్డం పోయేది పేక."

"కూర్చో, పూర్తిగా విను" అన్నాను.

రేడియో అప్పుడే ప్రశ్న అడిగింది. "ఇప్పుడు చెప్పండి పిల్లలూ, నిలువు పోగులను ఏమంటారు?"

నలభై రెండు గొంతులు ఒక్కసారి "పడుగు" అన్నాయి. అంత సరిగ్గా, అంత గట్టిగా ఆ తరగతి నాకెప్పుడూ జవాబు చెప్పలేదు.

"చాలా బాగా చెప్పారు. అవును, పేక" అంది రేడియో అక్క.

ఆ రోజు వాళ్లు నవ్విన నవ్వు బెండకాయ నాటి నవ్వు కాదు. అందులో కొంచెం కోపం ఉంది. నేను పాఠాల పుస్తకం తెరిచి చూశాను. అందులోనూ అట్లాగే అచ్చయింది. చదివేటప్పుడు నోరు జారడం కాదన్న మాట. ఎవరో కూర్చుని రాశారు, ఎవరో దిద్దారు, ఎవరో సంతకం పెట్టారు, ఎవరో అచ్చు వేశారు. ఇంతమంది చేతులు మారినా ఒక్కరికీ మగ్గం తెలియలేదు. వాళ్లను తప్పుపట్టడానికి నాకేం హక్కుంది? మగ్గాల నడుమ రెండేళ్లుగా ఉద్యోగం చేస్తూ నాకూ తెలియలేదు. పోగులు సాచి కట్టిన వీధిలోంచే రోజూ నడిచి వచ్చేదాన్ని.

ప్రతి పాఠం చివరా, మీ అభిప్రాయాలు మాకు ఉత్తరం రాయండి అని చెప్పేవాళ్లు. రాద్దామన్నారు పిల్లలు. కార్డు తెచ్చాం. ఆ పిల్లే రాసింది. మా ఇండ్లల్ల మగ్గాలు ఉన్నయి, మీరు పడుగును పేక అన్నరు, గది తప్పు, కావాలంటే మా వాడకు అచ్చి సూడుండ్రి అని. నేను ఎర్ర సిరా పెన్ను తీసి 'ఇండ్లల్ల' కొట్టేసి ఇళ్లలో అని, 'ఉన్నయి' కొట్టేసి ఉన్నాయి అని, 'సూడుండ్రి' కొట్టేసి చూడండి అని దిద్దాను. కొత్త కార్డు మీద మళ్లీ రాయించాను. అంత పెద్ద తప్పు చేసిన వాళ్లకు పంపే ఉత్తరంలో ఈ పిల్ల చిన్న తప్పులు కనిపించకూడదని నా పట్టుదల. ఆ పిల్ల మారుమాట్లాడకుండా రాసిచ్చింది గానీ, కార్డు నా చేతికిస్తూ, "గట్ల రాస్తే వాళ్లకు సమజయితది గని, ఇది మేం రాసినట్టు లేదు టీచర్" అంది.

నెలన్నర తరువాత జవాబు వచ్చింది. అందరికీ పంపే అచ్చుకార్డు. మా కార్యక్రమం మీకు నచ్చినందుకు ధన్యవాదాలు అని. అంతటితో ఆగినా బాగుండేది. ఒకనాడు పాఠానికి ముందు ఉత్తరాలు చదువుతూ రేడియో అక్క, "వరంగల్ కొత్తవాడ నుంచి ఏడో తరగతి విద్యార్థులు, నేతపని పాఠం తమకు ఎంతో నచ్చిందని రాశారు. చాలా సంతోషం పిల్లలూ" అంది.

ఈసారి నవ్వు రాలేదు. ఆ పిల్ల రేడియో వైపు చూసి నన్ను అడిగింది.

"మనం రాసింది సదివిండ్రా టీచర్, ఊకె ఊరి పేరు సూసిండ్రా?"

నాకు తెలియదన్నాను. తెలుసు. పైన కూర్చున్నవాళ్లకు మన ఊరి పేరు చాలు, మన మాట అక్కర్లేదు. వాళ్ల లెక్కలో ఒక ఉత్తరం అంటే ఒక మెప్పు. పన్నెండేళ్ల పిల్లకు ఈ సంగతి నా నోటితో చెప్పడం ఇష్టంలేక బోర్డు వైపు తిరిగాను.

వేసవి సెలవులకు ముందు, రేడియో పాఠాలు వినే బడుల మధ్య హనుమకొండలో పోటీ పెట్టారు. ప్రశ్నలన్నీ ఆ అచ్చు పుస్తకంలోంచే వస్తాయి. హెడ్మాస్టరు గారికి కప్పు మీద మనసు పడింది. ఒక్క రోజు కూడా ఆయన మా గదిలో కూర్చుని పాఠం వినలేదు గానీ, కప్పు పెట్టడానికి బీరువా మీద జాగా మాత్రం చూసి పెట్టారు. బడి తరఫున ముగ్గురు పిల్లలను తీసుకుపోవాలి. కండెల పిల్ల లేకుండా ముగ్గురవరు. ఆమెకు పుస్తకం మొత్తం నోటికి వచ్చు.

పోటీకి ముందురోజు ఆమెను పక్కకు పిలిచి చెప్పాను.

"బిడ్డా, రేపు పడుగు పేక అడిగితే పుస్తకంలో ఉన్నట్టే చెప్పు. నిలువుది పేక అను."

"మా నాయిన ఇంటే నవ్వుతడు టీచర్."

"నాయన అక్కడికి రాడు కదా. పరీక్షలో ఒకటి ఉంటుంది, ఇంట్లో ఒకటి ఉంటుంది. పరీక్షలో పరీక్షది చెప్పాలి."

నేనన్న మాటలు ఇవే. ఒక్క అక్షరం మార్చడం లేదు. టీచరుగా ముప్పై ఏళ్లు చెప్పిన పాఠాల్లో నాకు ఇంత స్పష్టంగా గుర్తున్నది ఇంకొకటి లేదు. ఆ పిల్ల తల ఊపింది. ఒప్పుకుందనుకున్నాను.

మరునాడు ఒక పెద్ద బడి హాలులో పోటీ. బల్ల వెనక ముగ్గురు జడ్జీలు. మధ్యన సఫారీ సూటు వేసుకున్న ఆఫీసరు, ఆయన చేతిలో అదే పుస్తకం. ఎడమ పక్కన కూర్చున్న ముసలాయన కాశిబుగ్గలో ఉండే రిటైర్డు పంతులు. మా టీచర్లందరికీ తెలిసిన మనిషి. వాళ్లదీ మగ్గం ఉన్న ఇల్లేనని, ఆయన చిన్నప్పుడు నేసి నేసి చదువుకున్నాడని అందరూ గౌరవంగా చెప్పుకునేవాళ్లు. ఆయన్ను చూసి నాకు ప్రాణం కుదుటపడింది.

మూడో ప్రశ్నకే వచ్చింది. ఆఫీసరు మా పిల్ల వైపు చూసి చదివారు. "మగ్గం మీద నిలువు పోగులను ఏమంటారు?"

ఆమె లేచింది. ఆ రోజు వేళ్లకు ఆకుపచ్చ రంగు.

"మగ్గం మీదనా సార్, పుస్తకంలనా?"

హాలులో కిసకిసలు. ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకున్నారు. "పుస్తకంలోంచే కదమ్మా అడుగుతున్నాం."

"పుస్తకంల పేక. మగ్గం మీద పడుగు."

ఆయన పుస్తకం చూసుకున్నారు. కుడి పక్కాయనతో గుసగుసలాడారు. కాశిబుగ్గ పంతులు ఏదైనా అంటాడని నేను కుర్చీ అంచుకు జరిగాను. ఆయన ముందున్న కాగితం మీద పెన్సిలుతో ఏదో గీసుకుంటూ తలెత్తలేదు.

"ఒక ప్రశ్నకు ఒకే జవాబు చెప్పాలి. రెండు చెబితే సున్నా" అని ఆఫీసరు తీర్పు ఇచ్చి, అదే ప్రశ్న పక్క బడికి వేశారు. ఇస్త్రీ బట్టలు, నల్లబూట్లు వేసుకున్న ఒక పిల్లవాడు లేచి, "పేక" అన్నాడు. హాలంతా చప్పట్లు. కప్పు ఆ బడికే పోయింది.

అయిపోయాక నల్లా దగ్గర కాశిబుగ్గ పంతులు ఎదురయ్యాడు. చేతులు కడుక్కుంటూ, అటూ ఇటూ చూసి, నెమ్మదిగా అన్నాడు.

"మీ పిల్ల చెప్పిందే రైటమ్మా."

"మరి మీరు చెప్పలేదేం సార్?"

"పుస్తకం పైనుంచి అచ్చింది గద. జర ఆలోచించాలె" అన్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, భోజనాలు పెడుతున్న వైపు పోయాడు.

ఆయన్ను నేను చాలా ఏళ్లు మనసులో తిట్టుకున్నాను. తిట్టుకున్న ప్రతిసారీ, పోటీకి ముందురోజు ఆ పిల్లను పక్కకు పిలిచిన మనిషి ఎవరో కూడా గుర్తొచ్చేది. అప్పుడు తిట్లు సగంలో ఆగిపోయేవి.

తిరిగి వచ్చేటప్పుడు సిటీ బస్సులో హెడ్మాస్టరు గారు నాకు దూరంగా ముందు సీట్లో కూర్చున్నారు. దిగేముందు మాత్రం, "పిల్లలకు తెలివి ఉంటే సాలదమ్మా, ఎక్కడ ఏం మాట్లాడాల్నో ఎరుక ఉండాలె. గది నువ్వు నేర్పలేదు" అన్నారు. నిజానికి నేను నేర్పింది అదే. ఆ పిల్లే నేర్చుకోలేదు.

రెండు రోజులకు ఆమె తండ్రి బడికి వచ్చాడు. గొడవకు వచ్చాడనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"టీచరమ్మా, మా బిడ్డ ఏదో తప్పు చెప్పి బడి పరువు తీసిందట. పెద్దసారు బజార్ల కలిసి అన్నడు. ఏం చెప్పిందో ఇంట్ల అడిగితే చెప్తలేదు."

నేను జరిగింది చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. తరువాత ముఖం మార్చుకుని అడిగాడు.

"మరి పుస్తకం రాసినోళ్లు ఎవరన్న మగ్గం కాడికి అచ్చిండ్రా?"

"రాలేదనుకుంటా."

"మీరు?"

లేదన్నట్టు తలూపాను. "ఇయ్యాల రాండ్రి. ఇల్లు దూరం లేదు" అన్నాడు.

సాయంత్రం బడి వదిలాక వెళ్లాను. ముందు గదిలో సగం మగ్గమే. ఆయన మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. నూలు చుట్టిన దూలం నుంచి పోగులు తనవైపు సాగి వస్తున్నాయి. "గివి పడుగు" అన్నాడు. కండె పెట్టిన నాడెను ఆ పోగుల మధ్య నుంచి అటు పక్కకు విసిరాడు. "గిది పేక." అంతే. రేడియో అక్క పావుగంట తేనె ఒలకబోసి చెప్పలేని సంగతి రెండు ముక్కల్లో తేలిపోయింది. నన్ను కూర్చోమన్నాడు. నేను నాడె వేస్తే అది సగంలో ఆగి రెండు పోగులు తెగాయి. ఆయన భార్య వచ్చి, నన్ను ఏమీ అనకుండా, ఆ పోగులను వేళ్లతో మెలితిప్పి అతికింది. పిల్ల గోడవారగా కూర్చుని రాట్నం మీద కండె చుడుతోంది. నా వైపు చూసి చూడనట్టు తల తిప్పుకుంది. నేను ఆమెకు క్షమాపణ చెప్పాలని వెళ్లాను. తల్లిదండ్రుల ముందు టీచరు అట్లా చెబితే బాగుండదనుకున్నాను. బాగుండకపోవడం నాకే. చాయ్ తాగి వచ్చేశాను.

మరునాడు రిజిస్టరు తీసి, నేతపని పాఠం ఎదురుగా ఇదివరకు రాసిన ఉపయోగకరం కొట్టేసి, "ఈ పాఠంలో పడుగు, పేక తారుమారుగా చెప్పారు. పిల్లలకు తెలుసు, చెప్పినవారికి తెలియదు" అని రాసి సంతకం పెట్టాను. హెడ్మాస్టరు గారు చూసి కాగితం చించబోయారు. పేజీలకు నంబర్లు అచ్చయి ఉన్నాయి, చించితే సంజాయిషీ ఆయనే రాయాలి. చించలేదు. నా దగ్గర రేడియో పెట్టె తాళంచెవి తీసుకుని ఇంకో టీచరుకు ఇచ్చారు. ఆవిడ అక్షరాలు నా అంత గుండ్రంగా ఉండవు గానీ, ఏం రాయాలో ఎవరూ చెప్పనక్కర్లేని మనిషి.

ఏడాది చివర తనిఖీ అధికారి వచ్చి రిజిస్టరు తిరగేశారు. నాకు ఉద్యోగం పోతుందేమోనని భయం, ఎవరో ఒకరు చదువుతారన్న ఆశ, రెండూ ఉన్నాయి. ఆయన ప్రతి పేజీ కింద 'చూడబడినది' అని రాసి సంతకం చేశారు. పెళ్లికి పోయిన రేడియో పాఠాల పేజీ కిందా అదే. నేను రాసిన పేజీ కిందా అదే. మధ్యలో చాయ్ తెమ్మన్నారు. చూశారన్నది అబద్ధం కాదు. చదివారని ఆయన ఎక్కడా రాయలేదు.

ఆ పిల్ల తరువాత హైస్కూలుకు పోయింది. పదో తరగతి పాసైంది. ఎనభైల మధ్యలో ఒకసారి నేతగాళ్ల సొసైటీకి జంపఖానా కొనడానికి పోతే లోపల బల్ల దగ్గర గళ్ల కాగితం మీద కొత్త డిజైను గీస్తూ కనిపించింది. పెళ్లయింది, కాశిబుగ్గలో ఉంటోంది. లేచి కుర్చీ వేసింది. అప్పటికి మా బడికి టీవీ వచ్చింది, దాని సంగతి అడిగింది. పాఠాలు వస్తున్నాయని చెప్పాను.

"మీ తరగతిల బొమ్మ సూసేటోళ్లున్నరా, అడిగేటోళ్లున్నరా టీచర్?" అంది.

చూసేవాళ్లే ఎక్కువని చెప్పాను. అప్పుడు, ఆలస్యంగానైనా, పోటీ ముందురోజు నేను నీకు తప్పు చెప్పానన్నాను. "గది అప్పుడే ఎరుక టీచర్" అని నవ్వి, ఏ రంగు కావాలని అడిగింది. క్షమించిందో లేదో నాకు అర్థం కాలేదు. నేను మళ్లీ అడగలేదు.

ఇంకొక్క సంగతి ఉంది. ఆ పోటీ జరిగిన మరుసటి ఏడాదే రేడియో పాఠాల కొత్త పుస్తకం వచ్చింది. మా ఉత్తరం ఎవరో నిజంగానే చదివారో, ఇంకెవరైనా కూడా రాశారో, కొత్త పుస్తకంలో నేతపని పాఠం లేదు. రెండు మాటలు అటుదిటు ఇటుదటు మారిస్తే సరిపోయేది. వాళ్లు పాఠమే ఎత్తేశారు. దాని జాగాలో సముద్రం ఒడ్డున ఓడలకు దారి చూపే దీపస్తంభం గురించి కొత్త పాఠం పెట్టారు.

ఆ పాఠం వచ్చిన రోజు కొత్త ఇన్‌ఛార్జి సెలవులో ఉంది. నేనే పిల్లల దగ్గర కూర్చున్నాను. రేడియో అక్క దీపం ఎంత ఎత్తున ఉంటుందో, ఎలా తిరుగుతుందో చెప్పింది. ఒక పిల్ల, "సముద్రం మీరు సూసిండ్రా టీచర్?" అని అడిగింది. లేదన్నాను. కాజీపేటలో రైలెక్కితే ఏదో ఒక రోజు పోవచ్చని అన్నాను. పిల్లలు బుద్ధిగా తలలు వంచి, రేడియో చెప్పింది చెప్పినట్టు నోట్సులో రాసుకున్నారు. అందులో తప్పులున్నాయో లేదో నాకు తెలియదు, వాళ్లకూ తెలియదు. పాఠం మాత్రం ఏ గొడవా లేకుండా అయిపోయింది.